తాళం లేని పెట్టెలో పుస్తకం ఎవరి సొత్తు?

వీధి మూల మీద ఒక పెట్టె ఉంది. దానికి తాళం లేదు. లోపల పుస్తకాలున్నాయి. కాపలా మనిషి లేడు, పేర్లు రాసుకునే రిజిస్టరు లేదు. ఒకతను వచ్చి ఒక పుస్తకం తీసుకుపోయాడు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, దాన్ని తిరిగి తేలేదు. షరీఅత్ దృష్టిలో అతనేమవుతాడు? దొంగా? అమానత్‌లో ఖియానత్ చేసినవాడా? లేక తనకు దొరికిన కానుకను ఇంట్లో ఉంచుకున్నవాడా?

ఒక జుమా నమాజు తర్వాత మా ఊరి యువకులు నలుగురు మా దగ్గర కూర్చుని అడిగిన ప్రశ్న ఇది. మేము అప్పటికప్పుడే జవాబు చెప్పేశాము. ఆ జవాబు తొందరపాటుతో కూడినదని, దానివల్ల కొందరి మనసు నొచ్చిందని తర్వాత తెలిసింది. తప్పును దాచుకోవడం కంటే పాఠకుల ముందు పెట్టడమే మేలనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

సుల్తాన్‌పూర్ అనగానే సంగారెడ్డి జిల్లాలో చాలామందికి ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న ఊరు గుర్తుకొస్తుంది. మేము చెబుతున్నది అది కాదు. అమీన్‌పూర్ పక్కన, ఔటర్ రింగ్ రోడ్డుకు ఆనుకుని ఉన్న సుల్తాన్‌పూర్ ఇది. 2017లో ఇక్కడ వైద్య పరికరాల తయారీ పార్కుకు పునాది పడింది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలు అంతకు ఎంతో ముందు నుంచే ఉన్నాయి. ఆ ఫ్యాక్టరీల కోసం బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్‌ల నుంచి వచ్చినవారు ఈ చుట్టుపక్కల ఊళ్లలో అద్దె గదుల్లో ఉంటారు. ఒక్కో గదిలో ఏడుగురు, ఎనిమిది మంది. పగటి షిఫ్టువాడు లేచిన చాపమీదే రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. వీరిలో ముస్లిములూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. పాత ఊరివాళ్లకు వీరి ముఖాలు తెలుసు, పేర్లు తెలియవు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో పదుల సంఖ్యలో కార్మికులు చనిపోయినప్పుడు, మృతుల ఊర్ల పేర్లు పత్రికల్లో చదివి, 'వీళ్లంతా మన పక్కనే ఉండేవారా' అనుకున్నవాళ్లు మాలోనూ ఉన్నారు.

ఇక పెట్టె సంగతి. మూతపడిన ఒక బేకరీ నుంచి అద్దాల బీరువా ఒకటి చవకగా దొరికింది. యువకులు దానికి ఆకుపచ్చ రంగు వేసి, వాన తగలకుండా పైన రేకు కొట్టి, చాయ్ హోటల్ పక్కన పెట్టారు. ఇళ్లిళ్లు తిరిగి పుస్తకాలు అడిగారు. మొదటి వారం డెబ్బై దాకా వచ్చాయి. తెలుగువి ఎక్కువ, ఉర్దూవి కొన్ని, హిందీవి కొన్ని. సీరత్ పుస్తకాలు, కథలు, పిల్లల బొమ్మల పుస్తకాలు, పదో తరగతి గైడ్లు, ఒక హోమియోపతి పుస్తకం. ఆ సాయంత్రం చాయ్ తాగుతున్నవాళ్లంతా పెట్టె చుట్టూ చేరారు. మాకూ సంతోషం కలిగింది.

నలభై రోజులు తిరక్కముందే పెట్టె సగానికి పైగా ఖాళీ అయింది. ఎవరో ఒకరు, పాత సామాన్ల బండి పెట్టె దగ్గర ఆగగా చూశామన్నారు. ఇంకొకరు, అద్దె గదుల కుర్రాళ్లు చేతుల నిండా పుస్తకాలు తీసుకుపోతుంటే చూశామన్నారు. రెండు మాటలు కలిసి మూడో మాట పుట్టింది: బయటివాళ్లు మన పుస్తకాలను కిలోల లెక్కన అమ్ముకుంటున్నారు! అప్పుడే ఆ నలుగురు మా దగ్గరకు వచ్చారు. మేము అది అమానత్ అని, తిరిగి ఇవ్వనివాడు ఖియానత్‌కు పాల్పడ్డాడని చెప్పాము. అంతటితో ఆగలేదు. తర్వాతి జుమా ప్రసంగంలో అదే విషయం ఎత్తుకున్నాము. పేర్లు చెప్పలేదు. కాని ప్రసంగం సాగుతున్నంతసేపూ జనం చూపులు ఏ వరుస వైపు తిరిగాయో మేము మింబరు మీద నుంచి చూస్తూనే ఉన్నాము. చూసి కూడా మాట మార్చలేదు.

తర్వాత పదిహేను రోజులకు కాబోలు, అద్దె గదుల్లో ఒక కుర్రాడికి జ్వరం ఎక్కువైందని, ఆస్పత్రికి తీసుకెళ్లడానికి తోడు కావాలని మస్జిద్‌కు కబురు వచ్చింది. ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాము. కిటికీ గూట్లో ఏడు పుస్తకాలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. న్యూస్ పేపరుతో అట్టలు వేసి ఉన్నాయి. ఒకటి హిందీ కథల సంపుటి. ఒకటి ఒకటో తరగతి తెలుగు వాచకం. దాని పక్కనే ఒక నోటుపుస్తకం, అందులో అ ఆ ఇ ఈ అని వంకర టింకరగా దిద్దిన అక్షరాలు. బస్సు బోర్డులు చదవడానికి, కంపెనీ గోడమీద అంటించే నోటీసులు చదవడానికి ఒక బీహారీ యువకుడు తెలుగు నేర్చుకుంటున్నాడు.

అతనే మాతో అన్నాడు: "మౌలానా సాబ్, పెట్టె మీద ఏమీ రాసి లేదు. చాయ్ హోటల్ అన్నను అడిగితే తీసుకుపొమ్మన్నాడు, తెచ్చుకున్నాము. ఆ జుమా రోజు మీ బయాన్ విన్నాక తిరిగి పెట్టేద్దామనుకున్నాము. కాని పుస్తకాలు చేత్తో పట్టుకుని వెళ్తే, చూడండి దొంగలు దొరికారు అంటారని భయపడ్డాము."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. పుస్తకం తిరిగి రాకపోవడానికి కారణం మా ప్రసంగమే అయింది.

ఊళ్లోకి వచ్చి మేము చేసిన మొదటి పని, ప్రతి ఇంట్లో అల్మారాలు, అటకలు ఒకసారి చూసుకోమని చెప్పడం. పదకొండు పుస్తకాలు బయటపడ్డాయి. ఫిర్యాదు తెచ్చిన నలుగురిలో ఇద్దరి ఇళ్లలో మూడు దొరికాయి. మొదటి వారంలోనే మేము ముచ్చటపడి తెచ్చుకున్న ఉర్దూ పుస్తకం ఒకటి మా సంచిలోనే ఉంది. మేము దాన్ని 'చదువుతున్నాము' అనుకున్నాము. వాళ్లను మాత్రం 'తీసుకుపోయారు' అన్నాము. పాత సామాన్ల బండి ఎందుకు ఆగిందో కూడా తెలిసింది. బండివాడు తనకు పాత కాగితాల్లో దొరికిన రెండు మంచి పుస్తకాలను పెట్టెలో పెట్టిపోయాడట. దివ్య ఖుర్‌ఆన్ హుజురాత్ సూరాలో, ఎవరైనా వార్త తెస్తే ముందు విచారించుకోవాలనీ, తెలియక ఒక వర్గానికి హాని తలపెట్టి తర్వాత పశ్చాత్తాపపడే పరిస్థితి రాకూడదనీ అల్లాహ్ హెచ్చరించాడు. అదే సూరాలో అనుమానాలకు దూరంగా ఉండమన్నాడు. ఈ ఆయతులను మేము ఎన్నోసార్లు ఇతరులకు బోధించినవాళ్లమే.

తర్వాతి జుమా నాడు అదే మింబరు మీద నుంచి పొరపాటు ఒప్పుకున్నాము. అది వేరే సంగతి. అసలు ప్రశ్న ఇంకా అలాగే ఉంది: పెట్టెలోని పుస్తకం ఎవరిది?

మన ఫిఖ్హ్ గ్రంథాలలో ఒక వస్తువు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి ఉచితంగా వెళ్లే మార్గాలు వేర్వేరుగా వివరించబడ్డాయి. ఆరియత్ అంటే ఎరువు ఇవ్వడం. వస్తువు యజమానిదే, వాడుకుని తిరిగి ఇవ్వాలి. హనఫీ ధర్మవేత్తల ప్రకారం ఎరువు తెచ్చుకున్నవాడి చేతిలో అది అమానత్. అతని నిర్లక్ష్యం లేకుండా పాడైతే నష్టపరిహారం కట్టనక్కరలేదు. హిబా అంటే కానుక. పుచ్చుకున్నవాడి చేతికి అందిన తర్వాత అది అతని సొత్తు. చదువుకుంటాడో, అమ్ముకుంటాడో అతని ఇష్టం. ఈ రెంటికీ మధ్య ఇబాహత్ ఒకటుంది, అంటే వాడుకోవడానికి అనుమతి. దస్తర్‌ఖాన్ మీద కూర్చున్న అతిథి కడుపునిండా తినవచ్చు. కాని బిర్యానీని డబ్బాలో కట్టుకుని ఇంటికి తీసుకుపోవాలంటే ఇంటాయన అనుమతి కావాలి. ఎందుకంటే అతనికి దక్కింది తినే అనుమతే, అన్నం మీద హక్కు కాదు.

నికాహ్ అయిన వెంటనే ఎండు ఖర్జూరాలు, పటికబెల్లం జనం మీదికి చల్లుతారు కదా! దాని సంగతి వేరు. ఎవరి చేతికి దొరికినవి వారివే. జేబులో వేసుకుని ఇంటికి తీసుకుపోయి పిల్లలకు ఇచ్చినా ఎవరూ దొంగతనం అనరు. చల్లినవాడి ఉద్దేశమే అది. మాట చెప్పకపోయినా ఆచారం చెబుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. మా పెట్టె దస్తర్‌ఖాన్ లాంటిదా, నికాహ్ ఖర్జూరాల లాంటిదా? పెట్టినవాళ్లు మనసులో దస్తర్‌ఖాన్ అనుకున్నారు. తీసుకున్నవాళ్లు ఖర్జూరాలు అనుకున్నారు. ఖర్జూరాల విషయంలో ఊరందరికీ తెలిసిన ఆచారం ఉంది. పెట్టె మా ఊరికి కొత్త, దానికి ఆచారమంటూ ఏదీ లేదు. ఆచారం లేని చోట మాట ఉండాలి. ఆ మాట మేము చెప్పలేదు. కనుక తీసుకున్నవాడిని ఖాయిన్ అనే హక్కు మాకు ఎక్కడి నుంచి వచ్చింది? ఇక చోరీ శిక్షకు సంబంధించిన చర్చ అయితే ఇక్కడ వర్తించనే వర్తించదు. కాపుదలలో లేని, రోడ్డు మీద తెరిచి ఉంచిన వస్తువుకు ఆ సూత్రాలు వేరు. అయితే శిక్ష లేనంత మాత్రాన ఏదైనా హలాల్ అయిపోదు సుమా! పెట్టె మీద 'చదివి తిరిగి పెట్టండి' అని రాసి ఉన్నాక కూడా దాచుకున్నవాడు, ఎవరూ చూడకపోయినా, అల్లాహ్ ముందు జవాబుదారే.

నాలుగో మార్గం వఖ్ఫ్. హజ్రత్ ఉమర్ (రజి) గారికి ఖైబర్‌లో ఒక భూమి లభించింది. అంతకంటే విలువైన ఆస్తి ఆయన ఎన్నడూ పొంది ఉండలేదు. దాన్నేం చేయాలని దైవప్రవక్త (స) సలహా అడిగితే, మూలాన్ని నిలిపి ఉంచి దాని ఫలాన్ని దానం చేయమని ఆయన సూచించారు. ఆ భూమిని అమ్మకూడదు, ఇవ్వకూడదు, వారసులు పంచుకోకూడదు. దాని ఆదాయం పేదలకు, బంధువులకు, బాటసారులకు, అతిథులకు. చూసుకునేవాడు మాత్రం న్యాయంగా తన తిండికి కొంత తీసుకోవచ్చు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఈ ఉదంతం ఉంది. కాని భూమి ఎక్కడికీ పోదు, పుస్తకం చేతులు మారుతుంది, చిరుగుతుంది, పోతుంది. మరి కదిలే వస్తువును వఖ్ఫ్ చేయవచ్చా? మన ఫుఖహాలు దీని మీద చాలా చర్చించారు. ఇమామ్ ముహమ్మద్ (రహ), ప్రజల్లో ఆచారం ఉన్న వస్తువుల విషయంలో చెల్లుతుందన్నారు. పార, గొడ్డలి, జనాజా మంచం, వంట పాత్రలు, ముస్‌హఫ్‌లు ఆ కోవలోకి వస్తాయి. నుసైర్ బిన్ యహ్యా అనే ధర్మవేత్త, ముస్‌హఫ్‌లతో పోల్చుకుని తన గ్రంథాలను వఖ్ఫ్ చేసినట్లు 'హిదాయా'లో పేర్కొనబడింది. మదర్సాలో ఆ పాఠం చదువుతున్నప్పుడు మాకు ఆ పేరు ఒక పరీక్ష ప్రశ్న మాత్రమే. ఇప్పుడు ఆకుపచ్చ బీరువా ముందు నిలబడితే, ఆయన ఎంత ధైర్యం చేశారో అర్థమవుతోంది. ప్రాణంలా చూసుకున్న పుస్తకాలను, ముఖం తెలియని పాఠకుల చేతుల్లో పెట్టారు.

అలాంటి నమ్మకం ఒకప్పుడు మన సమాజంలో ఎంతగా ఉండేదో యాఖూత్ హమవీ రాసినదాన్ని బట్టి తెలుస్తుంది. 'ముఅజముల్ బుల్దాన్' అనే భౌగోళిక నిఘంటువు రాసిన ఈయన మర్వ్ నగరంలో దాదాపు మూడేళ్లు ఉన్నారు. ఆ నగరం ఇప్పటి తుర్క్‌మెనిస్తాన్‌లో ఉంది. అక్కడ పది వఖ్ఫ్ గ్రంథాలయాలుండేవట. ఒకదాంట్లోనే పన్నెండు వేల సంపుటాలు. తన ఇంట్లో ఎప్పుడు చూసినా రెండు వందల సంపుటాలకు తక్కువ ఉండేవి కావనీ, వాటిలో చాలావాటికి తాకట్టు కూడా పెట్టించుకోలేదనీ ఆయన కృతజ్ఞతతో చెప్పుకున్నారు. చేత్తో రాసిన గ్రంథాల కాలం అది. ఒక్కో సంపుటం ఖరీదైన ఆస్తి. ఒక పరదేశి యాత్రికుణ్ని నమ్మి అవి ఇచ్చారు. 1221లో మంగోలులు ఆ నగరాన్ని నాశనం చేశారు, అంతకు ముందే యాఖూత్ అక్కడి నుంచి బయలుదేరారు. కాని ఆయన గ్రంథంలో ఆ నమ్మకం నిలిచే ఉంది.

ఇదంతా చూసి తీసుకునేవాడికి ఏ బాధ్యతా లేదనుకోకూడదు. ఇమామ్ జుహ్రీ (రహ) తన శిష్యుడు యూనుస్‌ను పుస్తకాల విషయంలో గులూల్ నుంచి జాగ్రత్తపడమని హెచ్చరించారు. గులూల్ అంటే యుద్ధంలో దొరికిన ఉమ్మడి సొమ్ములోంచి దొంగచాటుగా దాచుకోవడం, అది ఎంత ఘోరమైన పాపమో మనకు తెలుసు. పుస్తకాల గులూల్ ఏమిటని అడిగితే, వాటిని సొంతదారులకు తిరిగి ఇవ్వకుండా ఆపుకోవడమేనన్నారు. 1333లో మరణించిన ఖాజీ బద్రుద్దీన్ ఇబ్ను జమాఅహ్ (రహ) విద్యార్థుల మర్యాదల గురించి రాసిన గ్రంథంలో పుస్తకాలకు ప్రత్యేకంగా ఒక భాగం కేటాయించారు. నష్టం లేనప్పుడు పుస్తకాన్ని ఎరువు ఇవ్వడం మంచిదని, తెచ్చుకున్నవాడు కృతజ్ఞత చెప్పాలని, అవసరం తీరాక అట్టే పెట్టుకోకూడదని, అనుమతి లేకుండా అంచుల్లో రాతలు రాయకూడదని, మరొకరికి ఎరువు ఇవ్వకూడదని వివరించారు. మా పెట్టెలోని ఒక కథల పుస్తకంలో ఎవరో ప్రతి పేజీ అంచున కిరాణా లెక్కలు వేశారు. ఆ మహానుభావుడు చూస్తే ఏమనేవారో!

మన తెలుగు నేలకూ ఇది కొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. పడవ ఎక్కినవారికి దిగేదాకా చదువుకోవడానికి పుస్తకం దొరికేది. పుస్తకం దగ్గరకు మనిషి రాలేనప్పుడు మనిషి ఉన్న చోటికే పుస్తకం వెళ్లింది. ఇంటి పన్నుతో పాటు మనమంతా ఇప్పటికీ గ్రంథాలయ పన్ను కడుతున్నాము, దాని మీద మనకు హక్కుంది, అడిగి సాధించుకోవాలి. కాని పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చేవాడికి గ్రంథాలయ వేళలు కుదరవు. రాత్రి పదకొండు గంటలకు తెరిచి ఉండేది చాయ్ హోటల్, దాని పక్కన మా బీరువా మాత్రమే.

ఇలాంటి పెట్టెలు ఇప్పుడు ప్రపంచమంతటా ఉన్నాయి. 2009లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం హడ్సన్ పట్టణంలో టాడ్ బోల్ అనే వ్యక్తి, ఉపాధ్యాయురాలైన తన తల్లి జ్ఞాపకార్థం చిన్న బడి ఆకారంలో ఒక చెక్క పెట్టె చేసి ఇంటి ముందు పెట్టాడు. ఆయన 2018లో చనిపోయాడు. ఆ పద్ధతిలో నమోదైన పెట్టెలు లక్ష దాటాయి. మనకు దగ్గరి ఉదాహరణ ఔరంగాబాద్. నిజాం కాలంలో మన హైదరాబాద్ సంస్థానంలోనే ఉన్న ఆ నగరానికి 2023 నుంచి ఛత్రపతి శంభాజీనగర్ అని పేరు. అక్కడ పుస్తకాల దుకాణం నడిపే మిర్జా అబ్దుల్ ఖయ్యూమ్ నద్వీ గారు, ఆయన కుమార్తె మరియం మిర్జా 2021 జనవరిలో మొహల్లా గ్రంథాలయాల పని మొదలుపెట్టారు. కరోనాతో బడులు మూతపడిన కాలం అది. బడి వయసు పిల్లే తన వీధి పిల్లలకు పుస్తకాలు పంచింది. తర్వాత అలాంటి గ్రంథాలయాలు ముప్పైకి పైగా మొహల్లాలకు విస్తరించాయి.

ఇచ్చేవాళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. పెట్టె పెట్టాక మాకు ఎక్కువ తలనొప్పి తెచ్చింది తీసుకుపోయినవాళ్లు కాదు, ఇచ్చినవాళ్లు. చెదలు పట్టిన గైడ్లు, పన్నెండేళ్ల నాటి పోటీ పరీక్షల పుస్తకాలు, అట్టలూడి సగం పేజీలు లేని నవలలు, చివరికి ఒకరింట్లో పెళ్లికి మిగిలిన శుభలేఖలు కూడా వచ్చాయి. 'సవాబ్ పనికి ఇస్తున్నాము' అంటూ ఇచ్చారు! మీరు కళ్లు మూసుకుంటే తప్ప పుచ్చుకోని నాసిరకం వస్తువులను దానానికి ఏరవద్దని బఖరా సూరాలో అల్లాహ్ ఆదేశించాడు. ప్రియమైన దాన్ని ఖర్చు చేయనంతవరకు పుణ్యాన్ని అందుకోలేరని ఆలి ఇమ్రాన్ సూరాలో ఉంది. ఇల్లు శుభ్రం చేసుకోవడం మంచి పనే. దానికి సదఖా అని పేరు పెట్టుకోవడమే అభ్యంతరకరం.

దీనికి పూర్తిగా భిన్నమైన సంఘటన ఒకటి జరిగింది. ఊళ్లో ఒక పెద్దాయన చనిపోయారు, ఆయన దగ్గర ఇన్నూరు దాకా ఉర్దూ పుస్తకాలున్నాయి. పిల్లలు తెలుగు మీడియం, మనవలు ఇంగ్లీషు మీడియం. ఆ పుస్తకాల అట్టమీది పేరు చదవగలవారు ఆ ఇంట్లో ఒక్కరూ లేరు. పెద్ద కొడుకు ఆటోలో వేసుకుని తెచ్చి, 'హజ్రత్, నాన్న పేరు మీద పెట్టెలో పెట్టేయండి, సదఖయె జారియా అవుతుంది' అన్నాడు. మనిషి చనిపోయాక అతని కర్మలు ఆగిపోతాయనీ, ఆగని దానం, ప్రయోజనకరమైన విద్య, దుఆ చేసే మంచి సంతానం అనే మూడు మాత్రం మిగులుతాయనీ దైవప్రవక్త (స) చెప్పిన విషయం అతనికి తెలుసు. కాని మేము ఆపవలసి వచ్చింది. పుస్తకాలు కూడా తర్కా, అంటే వారసత్వ ఆస్తే. అందులో తల్లికి వాటా ఉంది, చెల్లెళ్లకు వాటా ఉంది. చనిపోయిన తమ్ముడి పిల్లలకు తాత బతికుండగానే ఆయన రాసి ఇచ్చిన కొన్ని పుస్తకాలు కూడా వాటిలో కలిసిపోయి ఉన్నాయి. వారసులందరూ ఒప్పుకోవాలి, మైనర్ల సొత్తునైతే వారి తరఫున ఎవరూ దానం చేయకూడదు. 'పాత పుస్తకాలకు కూడా ఇంత లెక్కా!' అని అతను ఆశ్చర్యపోయాడు. వారం తర్వాత తల్లిని, ఇద్దరు చెల్లెళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. చిన్న చెల్లెలు, తండ్రి చేత్తో అంచున తారీఖు వేసుకున్న ఒక్క పుస్తకాన్ని మాత్రం తీసి పెట్టుకుంది. అందులో ఒక్క అక్షరం ఆమెకు చదవడం రాదు. పిల్లల పుస్తకాలు పిల్లలకు చేరాయి. మిగతావి వఖ్ఫ్ అయ్యాయి.

ఆ తర్వాతే మేమంతా కూర్చుని పెట్టె నియమాలు నిర్ణయించాము. ఇచ్చేవారి నియ్యత్‌ను బట్టి పుస్తకం లోపలి అట్టమీద రంగు ముద్ర వేస్తారు. ఆకుపచ్చ ముద్ర అంటే వఖ్ఫ్, చదివి తిరిగి పెట్టాలి. ఎర్ర ముద్ర అంటే హిబా, ఉంచుకోవచ్చు, మరొకరికి ఇవ్వచ్చు. పిల్లల బొమ్మల పుస్తకాలన్నిటికీ ఎర్ర ముద్రే వేయించాము, చిరిగిపోతుందన్న భయంతో పిల్లవాడు పుస్తకం ముట్టకపోవడం మాకిష్టం లేదు. ఈ సంగతి తెలుగు, ఉర్దూ, హిందీ మూడు భాషల్లో బీరువా అద్దం మీద రాయించాము. అరబీ ముస్‌హఫ్‌లను అందులో పెట్టకూడదనుకున్నాము. దుమ్ము, చల్లు, చాయ్ చేతులు ఉన్న చోట వాటికి తగిన గౌరవం దక్కదు, కావలసినవారు మస్జిద్ నుంచి తీసుకుంటారు. ముతవల్లీగా ఎవరుండాలి అన్నప్పుడు, తెలుగు నేర్చుకుంటున్న ఆ బీహారీ యువకుడి పేరు చాయ్ హోటలాయన చెప్పాడు. కొందరు ముఖాలు చూసుకున్నారు, కాని ఎవరూ కాదనలేదు.

పెట్టెలో మన ధార్మిక పుస్తకాలే పెట్టాలని ఒకరిద్దరు పట్టుబట్టారు. మేము అంగీకరించలేదు. కూర వండితే నీళ్లు ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూ జర్ (రజి) గారికి చెప్పారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగింటికి పంపారా అని ఆయన ఇంటివాళ్లను మళ్లీ అడిగారు. పొరుగువాడికి పంపేది అతను తినగలిగేదై ఉండాలి కదా. పక్క వీధి ఆడపిల్ల ఇంటర్ పుస్తకం కోసం వస్తే, ఆమె చేతికి అదే దొరకాలి. రోడ్డు మీద చాయ్ హోటల్ దగ్గరకు రావడానికి ఆడవాళ్లు జంకుతున్నారని తెలిసి, బట్టలు కుట్టే ఒక సోదరి ఇంటి అరుగు మీద ఒక చిన్న పెట్టె పెట్టించాము. అక్కడికి ఎక్కువగా వచ్చేవారు హిందూ సోదరీమణులు. వంటల పుస్తకాలు, పిల్లల పుస్తకాలు అక్కడ నిలవడం లేదు.

జ్వరం తగ్గిన ఆ కుర్రాడు ఒడిశావాడు. పోయిన నెలలో పని మానేసి సొంతూరు వెళ్లిపోయాడు. వెళ్లేముందు తన దగ్గరున్న మూడు పుస్తకాలు తెచ్చి, వాటి మీద ఏ ముద్ర ఉందో చూసి, ఎక్కడివక్కడ పెట్టాడు. వాటితో పాటు తన సంచిలోంచి ఒక ఒరియా పుస్తకం తీసి ముతవల్లీ చేతికిచ్చాడు. ఏ ముద్ర వేయాలని అడిగితే ఆకుపచ్చ అన్నాడు. అది దేని గురించో మా ఊళ్లో చదివి చెప్పగలవారు లేరు. ఒరియా వచ్చినవాళ్లు పాశమైలారం వైపు గదుల్లో ఉన్నారని విని, వాళ్లకు కబురు పంపాము.